గుణకారంలో దొరికే జబ్బు

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనవాడికి ఊరు తనంతట తానే ఒక పని అప్పగిస్తుంది. ఆస్పత్రి కాగితాలు చదివిపెట్టే పని. బరంపురం నుంచి తెచ్చుకున్న చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, నర్సు చెప్పిన జాగ్రత్తలు ఒడియాలో ఉంటాయి, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. ఈ మూడింటి సందుల్లోంచి అసలు జబ్బు జారిపోతూ ఉంటుంది. కిందటేడాది వానాకాలంలో మా వీధి చివరి ఇంటి పెద్దావిడ ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అందులో ఉన్నవి నాలుగు నెలల మనవడి రిపోర్టులు.

బిడ్డకు రెండో నెల నుంచీ దగ్గు. నోట్లో పెరుగు అంటుకున్నట్టు తెల్లటి పూత. మందు రాసినన్నాళ్లు పోతుంది, మానగానే వస్తుంది. ఆగని విరేచనాలు. పుట్టినప్పుడు దాదాపు మూడు కిలోలున్నవాడు నాలుగో నెలకు నాలుగు కిలోలైనా లేడు. రక్తపరీక్షలో తెల్లకణాల మొత్తం 8,200 అని ఉంది. అందులో న్యూట్రోఫిల్స్ 80 శాతం, లింఫోసైట్లు 14 శాతం. ఇన్ఫెక్షన్ వల్ల న్యూట్రోఫిల్స్ పెరిగాయని, అందుకే లింఫోసైట్ల శాతం తగ్గినట్టు కనిపిస్తోందని చెప్పి యాంటీబయాటిక్ రాశారు. వంద మంది పిల్లల్లో తొంభై తొమ్మిది మందికి అది సరైన మాటే.

అయితే శాతాన్ని శాతంగా వదిలేయకుండా గుణించి చూస్తే వేరే కథ కనిపిస్తుంది. 8,200లో 14 శాతం అంటే 1,148. మైక్రోలీటరు రక్తంలో ఉన్న లింఫోసైట్ల అసలు సంఖ్య అది. రిపోర్టు పక్కన అచ్చువేసిన సాధారణ పరిధి 1,000 దగ్గర మొదలైంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆ పరిధి పెద్దవాళ్లది. తొలి నెలల పసిబిడ్డకు లింఫోసైట్లు పెద్దవాళ్లకంటే చాలా ఎక్కువ ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న నాలుగు నెలల బిడ్డకు నాలుగు వేల పైమాటే. మూడు వేలకంటే తగ్గితే ఎందుకు తగ్గాయో వెతకాలన్నది పిల్లల వైద్యుల లెక్క. అరవై ఏళ్ల నా రక్తంలో ఉండవలసిన అంకె నాలుగు నెలల బిడ్డ రక్తంలో ఉంటే అది ‘నార్మల్’ కాదు, ప్రమాదఘంటిక. ఈ సంగతి నాకూ అప్పటికి తెలియదు. కాగితం పంపితే, తెలిసిన పిల్లల డాక్టరు ఒకాయన ఫోనులో గుణించి చెప్పాడు. గుణకారం నేర్పడంలోనే బతుకు గడిపిన నేను ఆ కాగితం మీద గుణకారం చేయలేదు.

ఆ బిడ్డకు ఉందని తరవాత తేలినది తీవ్ర సంయుక్త రోగనిరోధక లోపం. ఇంగ్లీషు పొడి అక్షరాలతో డాక్టర్లు దాన్ని స్కిడ్ అంటారు. పుట్టుకతో, జన్యువుల్లోని తప్పు వల్ల వచ్చే రోగనిరోధక లోపాలు 450కి పైగా ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే తొందరగా ప్రాణం తీసేది ఇదే.

శరీరం జబ్బుతో ఎలా పోరాడుతుందో చెప్పమంటే చాలామంది సైన్యాన్ని, సిపాయిలను తెస్తారు. నాకు మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల మన గ్రామాధికారుల పోలిక ఎక్కువ నప్పుతుందనిపిస్తుంది. ఊళ్లో తలారి ఉంటాడు. రాత్రింబవళ్లు తిరుగుతూ కొత్త మొహం కనిపిస్తే పట్టుకుంటాడు. ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగడు. సూక్ష్మజీవిని మింగే న్యూట్రోఫిల్స్, మేక్రోఫేజ్‌లు అలాంటివి. కరణం ఉంటాడు. ఫలానావాడు ఫలానా ఏడు వచ్చి ఇలా దొంగతనం చేశాడని దఫ్తరంలో రాసిపెట్టుకుని, వాడు మళ్లీ వస్తే గుర్తుపట్టించేది ఆయనే. యాంటీబాడీలు తయారుచేసే బి కణాల పని ఇదే. టీకా పనిచేసేది కూడా చాలావరకు ఈ దఫ్తరం బలంతోనే. ఇక మునసబు ఉంటాడు. ఆయన చెప్పనిదే కరణం కలం కదలదు, తలారి కర్రకు పూర్తి బలం రాదు. ఆ మునసబులే టి కణాలు. రిపోర్టులో లింఫోసైట్లని లెక్కపెట్టింది చాలావరకు ఈ టి, బి కణాలనే. టి కణాలు ఎముక మూలుగలో పుట్టి, గుండెకు పైన ఉండే థైమస్ అనే గ్రంథిలో చదువుకుని ఊళ్లోకి వస్తాయి.

ఏ అధికారి లేడన్నదాన్ని బట్టి జబ్బు రూపం మారుతుంది. తలారి దొంగను పట్టుకుని కూడా చంపలేని జబ్బు ఒకటుంది, దీర్ఘకాలిక గ్రాన్యులోమా వ్యాధి. అందులో చర్మం మీద, లింఫ్ గ్రంథుల్లో, కాలేయంలో చీముగడ్డలు మళ్లీ మళ్లీ లేస్తాయి. రక్తనాళమనే వీధిలోంచి తలారి బయటికి రాలేని జబ్బు మరొకటి. రక్తంలో తెల్లకణాలు విపరీతంగా ఉంటాయి, పుండులో మాత్రం చీము పట్టదు. ఆ పిల్లల్లో బొడ్డుతాడు వారం పది రోజుల్లో ఊడకుండా మూడు నాలుగు వారాలు దాటినా అలాగే ఉండిపోతుంది. మంత్రసానులు కూడా గమనించగల గుర్తు ఇది. కరణం లేని జబ్బును 1952లో అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్ గుర్తించాడు. పదేపదే రక్తంలో ఇన్ఫెక్షన్ సోకుతున్న ఎనిమిదేళ్ల బాలుడి రక్తంలో యాంటీబాడీలుండే గామా గ్లోబ్యులిన్ అసలే లేదని చూసి, బయటినుంచి దాన్ని ఎక్కించి బతికించాడు. అది లేని పిల్లలు ఈనాటికీ మూడు నాలుగు వారాలకొకసారి ఆ మందు ఎక్కించుకునే బతుకుతున్నారు.

స్కిడ్‌లో పోయేది మునసబు. కరణం కొన్ని రకాల్లో ఊళ్లోనే ఉంటాడు, కానీ చేతిలో ఉత్తర్వు ఉండదు. ఊరంతా ఉన్నట్టే ఉండి పాలన ఉండదు.

జబ్బు ఏ వయసులో మొదలైందన్నది కూడా ఆచూకీయే. తల్లి యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరి ఆరు నెలల దాకా కాపలా కాస్తాయి. బి కణాలు మాత్రమే లేని బిడ్డ ఆ ఆరు నెలలు చక్కగా పెరిగి, తల్లి ఇచ్చిన నిల్వ అయిపోయాక జబ్బుపడుతుంది. టి కణాలను తల్లి అలా అరువివ్వలేదు. అందుకే స్కిడ్ బిడ్డ రెండు మూడు నెలలకే దగ్గు, పూత, విరేచనాలతో మొదలుపెట్టి, తూకం యంత్రం మీద ఒకేచోట ఆగిపోతుంది.

బీసీజీ టీకా గురించి ఇక్కడ జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే సగం విన్నవాళ్లు టీకాలు మానేస్తారు. క్షయ రాకుండా వేసే బీసీజీలో ఉండేది బలం తీసిన, కానీ బతికే ఉన్న క్రిమి. ఆస్పత్రిలో కాన్పయిన బిడ్డకు మన దగ్గర పుట్టిన వెంటనే వేస్తారు. మామూలు బిడ్డకు చేతి మీద చిన్న మచ్చ మిగులుతుంది. కొందరికి ఎడమ చంకలో చిన్న బిళ్ల కట్టి దానంతట అదే తగ్గుతుంది, భయపడే పని లేదు. టి కణాలు లేని బిడ్డలో ఆ బలహీన క్రిమికి కూడా అడ్డం చెప్పేవారు ఉండరు. చేతి పుండు మానదు, చంకలో గడ్డలు పెరుగుతాయి, అక్కడినుంచి కాలేయానికి, ఊపిరితిత్తులకు, ఎముకలకు పాకుతుంది. నోట్లో వేసే పోలియో చుక్కలు, ఆరో వారంలో మొదలయ్యే రోటావైరస్ టీకా కూడా బతికిన క్రిములవే. రోటావైరస్ టీకాను 2016లో దేశంలో మొదట అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఒడిశా, ఆంధ్ర రెండూ ఉన్నాయి. ఈ టీకాలు కాపాడుతున్న పిల్లల సంఖ్య ముందు స్కిడ్ పిల్లల సంఖ్య చాలా చిన్నది. అమెరికాలో పుట్టిన పిల్లలందరినీ పరీక్షించి చూస్తే దాదాపు 58,000 మందికి ఒకరు తేలారు. కాబట్టి టీకా అందరికీ వేయించవలసిందే. ఒక్క ఇంట్లో మాత్రం ముందు ఆగి అడగాలి: అంతకుముందు పసిబిడ్డ, ముఖ్యంగా ఏడాది లోపు, ఇన్ఫెక్షన్‌తో పోయిన ఇంట్లో. అక్కడ రక్తంలో లింఫోసైట్ల సంఖ్య చూశాకే బతికిన క్రిముల టీకా వేయాలి.

ఇప్పుడు మేనరికం సంగతి.

ఈ సరిహద్దు జిల్లాల్లో ఇది వైద్యం ఒక్కటే కాదు, ఇరుగుపొరుగు మాట కూడా. మన ఒడియా పొరుగువారిలో సాధారణంగా మేనమామ కూతురిని చేసుకునే ఆచారం లేదు. అక్క కూతురిని చేసుకోవడమంటే వాళ్లకు వినడానికే ఇబ్బంది. గుణుపురం, రాయగడ, జయపురం తెలుగిళ్లలో అది నిన్నమొన్నటిదాకా మొదటి సంబంధం. బిడ్డకు అరుదైన జబ్బు అనగానే ‘మీ మేనరికాల వల్లే’ అన్న మాట ఆస్పత్రి బల్ల దగ్గరే వినబడుతుంది.

ఆ మాటలో నిజముంది. స్కిడ్ రకాల్లో ఎన్నో ఇలా వస్తాయి: తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, పాడైన జన్యు ప్రతులు రెండూ చేరితేనే జబ్బు. ఒక్క ప్రతి ఉన్నవాడికి ఏమీ కాదు, తెలియను కూడా తెలియదు. అదే తాతగారి నుంచి ఇద్దరికీ వచ్చిన ప్రతి మళ్లీ ఒక బిడ్డలో కలుసుకునే అవకాశం బంధువుల పెళ్లిలో పెరుగుతుంది. మేనబావ మరదళ్ల బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడివి అయ్యే అవకాశం 16లో ఒకటి. మేనమామ, అక్క కూతురు అయితే 8లో ఒకటి. తల్లిదండ్రులిద్దరిలో పాడైన ప్రతి ఉంటే ప్రతి కాన్పులోనూ జబ్బు అవకాశం నాలుగింట ఒకటి, ఆడపిల్ల అయినా మగపిల్లవాడైనా. ఏడీఏ అనే ఎంజైము లేక వచ్చే స్కిడ్ ఈ రకానిది. 1990 సెప్టెంబరు 14న అమెరికాలో నాలుగేళ్ల పాపకు జన్యు చికిత్స ప్రయోగం మొదలైంది ఈ జబ్బుకే.

కానీ మా వీధి చివరి ఇంట్లో జరిగింది అది కాదు.

ఆ ఇల్లూ మేనరికమే. పెద్దావిడ కొడుకు తన అక్క కూతురినే చేసుకున్నాడు, కాబట్టి అందరూ తీర్పు చెప్పేశారు. పెద్దావిడ కూడా. కోడలు, అంటే సొంత మనవరాలు, ముఖం ఎత్తడం మానేసింది. డాక్టరు ఫోనులో నన్ను అడగమన్న ప్రశ్న ఒకటే: ‘ఆ వంశంలో అంతకుముందు పసిపిల్లలు పోయారా? పోతే ఆడా, మగా?’ అడిగాను. పెద్దావిడ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత వేళ్లు మడిచింది. కోడలి మొదటి కాన్పు, అయిదో నెలలో. అంతకుముందు గుణుపురంలో కోడలి తమ్ముడు, ఏడో నెలలో. ఇంకా వెనక్కి వెళితే తన కడుపునే పుట్టి, నామకరణం నాటికి బాగానే ఉండి, ఏడాది నిండకుండా పోయిన పెద్దవాడు. ఒకరికి దిష్టి అన్నారు, ఒకరికి బాలగ్రహం అన్నారు, ఒకరికి నిమోనియా అన్నారు. ముగ్గురూ మగపిల్లలు. ముగ్గురూ ఆడవాళ్ల వరసలోనే.

‘ఈ సంగతి డాక్టర్లకు చెప్పలేదా అమ్మా?’ అన్నాను.

‘ఇప్పటి బిడ్డ గురించి అడిగారు మాస్టారూ. పోయినవాళ్ల గురించి ఎవరూ అడగలేదు.’

స్కిడ్‌లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే రకాల్లో ఒకటి ఎక్స్ క్రోమోజోము మీది జన్యువు చెడడం వల్ల వస్తుంది. ఆ జన్యువును 1993లో గుర్తించారు. ఆడపిల్లకు ఎక్స్‌లు రెండు, ఒకటి చెడినా రెండోది కాస్తుంది. మగపిల్లవాడికి ఉండేది ఒక్కటే, అదీ తల్లి ఇచ్చిందే. తండ్రి కొడుక్కి ఇచ్చేది వై మాత్రమే. కాబట్టి ఈ రకంలో తండ్రి మేనమామ అయినా, సముద్రం అవతలివాడయినా కొడుకు జబ్బులో తేడా రాదు. తల్లి వాహకురాలైతే, అంటే చెడిన ఎక్స్ ఒకటి మోస్తూ ఉంటే, ప్రతి కొడుక్కీ సగం అవకాశం, ప్రతి కూతురికీ తనలాగే వాహకురాలయ్యే సగం అవకాశం. ‘కోడలి దోషం’ అనడానికి కూడా వీల్లేదు. ఆ జన్యువు ఆమెకు తన తల్లి నుంచి, తల్లికి ఈ పెద్దావిడ నుంచి వచ్చింది. ఆ మాట ఆవిడకు చెప్పవలసి రావడం నేను చేసిన పనుల్లో తేలికైనది కాదు. చెప్పాక ఆవిడ కోడలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అక్కర్లేదు.

మన డాక్టర్లకు ఈ జబ్బు ఎందుకు తట్టదని కోప్పడడం సులభం. మల్కన్‌గిరిలోనో కొరాపుట్‌లోనో ఒక పూట కూర్చుంటే కోపం తగ్గుతుంది. పదేపదే జబ్బుపడి, బక్కచిక్కి వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి కారణం పోషకాహార లోపమే. తిండి లేకపోతే థైమస్ కుంచించుకుపోతుంది, రోగనిరోధక శక్తి అలా కూడా పోతుంది. తిండి పెడితే తిరిగొస్తుంది. దాని మీద మలేరియా. దాని మీద ఎర్రకణాలు వంకరపోయే సికిల్ సెల్ జబ్బు, అందులో ప్లీహం పనిచేయక ఇన్ఫెక్షన్లు సోకుతాయి. క్షయ సరేసరి. వీటి గుంపులో స్కిడ్ బిడ్డ కూడా మరో బక్క బిడ్డలాగే కనిపిస్తుంది. విడదీసే గుర్తులు కొన్ని ఉన్నాయి: తల్లిపాలు తాగుతూ, ఇంట్లో తిండికి లోటు లేకుండా కూడా ఎదగకపోవడం, యాంటీబయాటిక్‌తో పూర్తిగా తేరుకోకపోవడం, ఛాతీ ఎక్స్‌రేలో పసిబిడ్డకు కనిపించవలసిన థైమస్ నీడ లేకపోవడం, ఆ గుణకారం. దేనికదే రుజువు కాదు. ఇన్ఫెక్షన్ తీవ్రతకు కూడా లింఫోసైట్లు తాత్కాలికంగా తగ్గవచ్చు, అప్పుడు మళ్లీ పరీక్షించాలి. కొందరు స్కిడ్ పిల్లల్లో బి కణాలు నిండుగా ఉండి సంఖ్య బాగానే కనిపించవచ్చు కూడా. అయినా, వందల రూపాయల్లో అయిపోయే పరీక్షలో ఇంత సమాచారం ఉండగా చూడకపోవడం నాకు మింగుడుపడదు. ల్యాబు కంప్యూటర్‌లో వయసును బట్టి పరిధి మార్చి అచ్చువేయడం ఎంత పని?

అనుమానం వచ్చాక తరవాతి మెట్టు ఫ్లో సైటోమెట్రీ. టి కణాలెన్ని, బి కణాలెన్ని అని విడివిడిగా లెక్కపెట్టే పరీక్ష. ఆ తరవాత జన్యు పరీక్ష. చండీగఢ్‌లోని పీజీఐ ఆస్పత్రి, ముంబయిలోని జాతీయ ఇమ్యునోహెమటాలజీ సంస్థ ఈ జబ్బుల మీద ఏళ్లుగా పనిచేస్తున్నాయి. అమెరికాలో ఇంత దూరం రానివ్వరు. విస్కాన్సిన్ రాష్ట్రం 2008లో మొదలుపెట్టి, 2018 చివరికి అన్ని రాష్ట్రాలూ పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలో టి కణాల ఆనవాలు చూస్తున్నాయి. మన దగ్గర దేశమంతటికీ అలాంటి ఏర్పాటు లేదు.

నిర్ధారణ కాకముందే చేయవలసినవి కొన్ని ఉన్నాయి, వీటికి పెద్ద ఆస్పత్రి అక్కర్లేదు. బిడ్డను చూడవచ్చే చుట్టాలను ఆపాలి. బతికిన క్రిముల టీకాలు ఆపాలి. ఒక రకం నిమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్ మొదలుపెడతారు, పాత మందు, చవక మందు. రక్తం ఎక్కించవలసి వస్తే రేడియేషన్ ఇచ్చిన రక్తమే ఎక్కించాలి. దాతల రక్తంలోని టి కణాలు, ఎదురుచెప్పేవారు లేని ఆ ఒంట్లో తామే పెత్తందార్లై బిడ్డనే నాశనం చేస్తాయి.

అసలు మందు మూలుగ మార్పిడి. 1968లో అమెరికాలోని మినసోటాలో రాబర్ట్ గుడ్ బృందం ఒక స్కిడ్ పసివాడికి అక్క మూలుగ ఎక్కించి బతికించింది. ఆ ఇంట్లో కూడా అంతకుముందు తరాల్లో మగశిశువులు వరసగా పోయారు. అక్కడ మాత్రం ఆ లెక్క డాక్టర్ల చెవిన పడింది. దీనికి ఎదురు కథ టెక్సాస్‌లో 1971లో పుట్టిన డేవిడ్ వెటర్‌ది. అన్న అదే జబ్బుతో పోయినందువల్ల పుట్టిన క్షణాల్లోనే అతన్ని క్రిములు లేని ప్లాస్టిక్ గుడారంలో పెట్టారు. సరిపోలే దాత దొరకలేదు. పన్నెండేళ్లు అలాగే పెరిగాడు. చివరికి పూర్తిగా సరిపోలని అక్క మూలుగ ఎక్కిస్తే, అందులో దాగిన వైరస్ వల్ల 1984లో చనిపోయాడు. ఇప్పుడు సగం మాత్రమే కలిసే తల్లి మూలుగో తండ్రి మూలుగో కూడా వాడే పద్ధతులు వచ్చాయి. ఇక్కడ ఒక వింత: బంధువుల పెళ్లిళ్లున్న ఇళ్లలో పూర్తిగా సరిపోలే దాత పెద్ద కుటుంబంలోనే దొరికే అవకాశం మామూలు ఇళ్లకంటే ఎక్కువ. జబ్బు తెచ్చిందని తిట్టే మేనరికమే ఒక్కోసారి మందు కూడా తెస్తుంది.

ఇందులో కాలమే అన్నిటికీ మూలం. 2014లో అమెరికాలో 240 మంది స్కిడ్ పిల్లల మార్పిడి ఫలితాలు చూశారు. మూడున్నర నెలల లోపు చేసినవారిలో అయిదేళ్ల తరవాత 94 శాతం బతికి ఉన్నారు. ఆ వయసు దాటినా ఇన్ఫెక్షన్ ఎన్నడూ తగలనివారిలో 90 శాతం, తగిలి తగ్గినవారిలో 82 శాతం. ఇన్ఫెక్షన్ ఇంకా ఒంట్లో ఉండగా చేసినవారిలో ఆ అంకె బాగా పడిపోయింది. మా వీధి బిడ్డ చివరి వరసలోకి అప్పటికే వెళ్లిపోయాడు. విశాఖపట్నంలో ఆరో నెలలో పోయాడు. పోకముందు తీసి దాచిన రక్తంలో జన్యు పరీక్ష చేసి ఎక్స్ క్రోమోజోము రకమని ధ్రువపరిచారు.

డబ్బు మాట దాటవేయలేను. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో మొదటి వర్గం ఒక్కసారి చికిత్సతో నయమయ్యే జబ్బులది, స్కిడ్ అందులో ఉంది. గుర్తించిన ప్రత్యేక కేంద్రాల్లో సాయం మొదట 20 లక్షల రూపాయలు, 2022లో 50 లక్షల దాకా పెంచారు. హైదరాబాదులో నిమ్స్ ఆస్పత్రి, సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల సంస్థ కలిపి ఒక కేంద్రం. ముంబయి, కోల్‌కతా, బెంగళూరుల్లో కూడా ఉన్నాయి. ఈ సాయానికి రాష్ట్రం అడ్డం కాదు. మన సరిహద్దువాళ్లు తెలియక ముందు ఆంధ్ర ఆరోగ్య పథకం బల్ల దగ్గర నిలబడతారు, ‘మీది ఒడిశా కార్డు’ అనిపించుకుని తిరిగొస్తారు. మహేంద్రతనయ అవతల పాతపట్నంలో పెళ్లిళ్లు చేసుకుంటాం, సంత చేసుకుంటాం, కార్డు మాత్రం ఏరు దాటదు. అడగవలసింది అరుదైన వ్యాధుల విధానం కింద అని పేరు పెట్టి అడగాలి.

పెద్దావిడ మొన్న మళ్లీ వచ్చింది, ఈసారి సంచీ లేకుండా. కోడలి చెల్లెలు రాయగడలో ఉంది, సంక్రాంతికి కాన్పు. ఆమె కూడా వాహకురాలయ్యే అవకాశం సగానికి సగం. ముందే రక్తం ఇచ్చి తేల్చుకోమంటే అత్తవారు ఒప్పుకోలేదట. బిడ్డ పుట్టాక డాక్టరుకు ఏం చెప్పాలో రాసిమ్మంది. మూడు భాషల్లో రాశాను. ఒడియాలో దస్తూరి బాగాలేదని రెండుసార్లు తిరగరాశాను. ‘ఈ బిడ్డ అమ్మమ్మ వంశంలో నలుగురు మగపిల్లలు ఏడాది లోపే చనిపోయారు. నాలుగోవాడికి స్కిడ్ అని జన్యు పరీక్షలో తేలింది. పుట్టినది మగబిడ్డ అయితే బీసీజీ, పోలియో చుక్కలు వేసేముందు లింఫోసైట్ల సంఖ్య లెక్కకట్టండి, టి కణాలను విడిగా లెక్కపెట్టించండి.’ కింద గుణకారం ఎలా చేయాలో కూడా ఒక ఉదాహరణ వేశాను. ఆవిడ కాగితం మడిచి రవికలో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, నాలుగు అన్న అంకె పెద్దగా రాశానా అని అడిగింది. తీసి చూపించమన్నాను. చిన్నగానే ఉంది. దిద్దిచ్చాను.